పల్లమెరిగిన చెట్లు

అతని పేరు హద్దూ.
తెలుగు చెవికి ఆ పేరు పొలంలో పాతిన రాయిలా తగులుతుంది.
వాళ్ల భాషలో ఇంకేదో అయ్యుంటుంది,
నేనడగలేదు.
మా గొట్టాలూ తీగలూ తేమ కొలిచే పుల్లలూ
కంచర గాడిద మీద కట్టి, తాడు బిగించి
"ఎటు?" అన్నాడు.
"పైకి" అంది రఖియా.

మధ్య అట్లాస్ కొండలు. ఏప్రిల్.
హద్దూ చిన్నప్పుడు ఈ నెలలో
ఇక్కడ మోకాలి లోతు మంచు.
మంచంటే పిసినారి ముసలమ్మ,
కొంగున ముడేసిన నీళ్లు
రోజుకింత, రోజుకింత విప్పి
జూన్ దాకా వేళ్లకి పోసేది.
ఇప్పుడొచ్చేది వాన.
చేతికి ఎముక లేని వాన!
ఉన్నదంతా ఒక్క రాత్రిలో పారబోసి
తెల్లారేసరికి దివాలా తీస్తుంది.

ఎండ తరిమితే చెట్టు కొండెక్కుతుందని
రఖియా దగ్గర ఒక గీత ఉంది.
ఇంత వేడికి ఇన్ని మీటర్లు.
కాగితం మీద ఆ గీత
బడికెళ్లే పిల్లలా చక్కగా పైకి పోతుంది.

శిఖరం దగ్గర దేవదారులు
నిలబడే బూడిదయ్యాయి.
కోతులు బెరడు ఒలిచి
లోపలి తడి నాకిన గుర్తులు.
మేం లెక్కపెట్టినవి: పచ్చగా ఉన్నవి ముప్పయ్యొకటి,
వాటి నీడలో పిల్లమొక్కలు, సున్నా.
ఇంకా పైకి చోటుంది,
మట్టి లేదు.
కింది నుంచి ఓక్ చెట్లు
అద్దెకొచ్చినవాళ్లలా
ముందు వాకిట్లో, తర్వాత వసారాలో,
ఇప్పుడు ఏకంగా వంటింట్లో.

మధ్యాహ్నం రొట్టె, ఆలివ్‌లు తింటుంటే
గాడిద కనబడలేదు.
మూడు వేల దిర్హమ్‌ల తేమ యంత్రంతో సహా.
హద్దూ కంగారుపడలేదు.
"దానికి దాహమేసింది" అని
ఉత్తరం వైపు లోయలోకి దిగాడు.
మేం వెనకాలే, జారుతూ, తిట్టుకుంటూ,
పటంలో దేవదారు అడవి ముగిసే చోటు దాటి
ఇంకా కిందికి.

అక్కడ బండ కింద చెమ్మ.
ఊట అనడానికి లేదు, చెమ్మ.
గాడిద మూతి దాన్లోనే ఉంది.
దాని కాళ్ల దగ్గర
వేలెడేసి ఎత్తున
పదిహేడు దేవదారులు.

రఖియా ఎత్తు కొలిచే పరికరాన్ని రెండుసార్లు తట్టింది.
"ఇవి ఇక్కడుండకూడదు" అంది,
పిలవని పేరంటానికి వచ్చినవాళ్లని చూసినట్టు చూస్తూ.
"నా గాడిద కూడానా?" అన్నాడు హద్దూ.

నీరు పల్లమెరుగు అంటారు మా వైపు,
అన్నాను.
సామెతకి రెండో సగం ఉంది, అందులో దేవుడుంటాడు.
ఆ పూట ఆయన జోలికి పోలేదు.

ఎండ పైకి నెడుతుంది,
దాహం కిందికి లాగుతుంది.
కాళ్లు లేని ప్రాణి ఈ రెంటి మధ్య
గింజగా మాత్రమే ప్రయాణం చేయగలదు;
పడ్డ వంద గింజల్లో
ఏది తడి మీద పడిందో
అదే అడవి.

"నేనూ దిగాను" అన్నాడు హద్దూ, జీను సర్దుతూ.
"పై దొడ్డికి నీళ్లందక
మూడేళ్ల కింద గొర్రెల్ని తోలుకొచ్చేశాం.
నన్నెవరూ పుస్తకంలో రాసుకోలేదు."
చెమ్మలోకి పుల్ల గుచ్చి చూపించాడు:
నిరుడు ఇక్కడిదాకా.
ఇప్పుడు ఇక్కడ.
కింద ఆపిల్ తోటలకి ఇంకో పైపు వేస్తారట,
ఈ బండ అవతలి నుంచే.

రఖియా పుస్తకంలో గీత కొట్టేయలేదు.
దాని పక్కన
కిందికి వంగిన చిన్న గీతొకటి
పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా గీసింది.

హద్దూ ముళ్లకంప నరికి తెచ్చి
మొక్కల చుట్టూ పేర్చాడు.
పద్నాలుగింటికి సరిపోయింది.
మిగిలిన మూడింటి ముందు
గొంతుక్కూర్చుని
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, అడక్కుండానే,
తన అన్న గొర్రెలెన్నో చెప్పాడు:
రెండు వందల పది.
రోజూ సాయంత్రం
నీళ్లకి వచ్చేది ఇక్కడికే.